తాడు పైకొస పట్టుకున్నదెవరు?

మా ఊరు శ్రీకాకుళం. జిల్లా శ్రీకాకుళం కాదు, కృష్ణ ఒడ్డున ఘంటసాల మండలంలో ఉన్న శ్రీకాకుళం. ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. శ్రీకృష్ణదేవరాయలకి ఆ దేవుడు ఇక్కడే కలలో కనపడి ఆముక్తమాల్యద రాయమన్నాడని బళ్లో మేష్టారు గొప్పగా చెప్పేవారు. మా పేటలో ఎవరికీ ఆయన కలలోకి రాలేదు. మా నాన్నకి మాత్రం పాతికేళ్లుగా ఒకటే కల. చేతిలో తాడు ఉంటుంది. అవతలి కొస బరువు ఉన్నట్టుండి పోతుంది.

ఈ వారం ఆ తాడు గురించి రాస్తున్నాను. ఇంట్లో అడిగే రాస్తున్నాను.

1999 వేసవి. నేను ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికొచ్చాను. మినుములు నూర్చేశాక మా వైపు పొలాల్లో పనులుండవు. దగ్గర్లోని టౌన్లో ఒక లాడ్జి సెప్టిక్ ట్యాంకు నిండిపోయిందని మా పేటకి మనిషిని పంపారు. మా నాన్న, మా బాబాయి వెళ్లారు. ఇద్దరికీ అది రోజూ చేసే పనేం కాదు. కానీ ఆ పనికి మనిషి కావాలంటే కబురు ఎటు వస్తుందో మీకు తెలుసు. వరి కోతకి ఏ పేట అని అడుగుతారు. ట్యాంకులో దిగటానికి ఏ పేట అని ఎవరూ అడగరు, నేరుగా వచ్చేస్తారు.

లాడ్జి ఓనరు వెనక కొట్టంలోంచి రెండు గేదె పలుపులు తెచ్చి ముడేసి ఇచ్చాడు. బాబాయి ఒక కొస నడుముకి కట్టుకున్నాడు. నాన్న రెండో కొస పట్టుకుని పైన నిలబడ్డాడు. ఐదు నిమిషాల పనన్నారు. కాసేపటికి నాన్న పిలిస్తే బాబాయి పలకలేదు. నాన్న లాగాడు. నడుముకున్న తాడు చంకల దాకా జారింది, చేతులు పైకి లేచాయి, మనిషి ముడిలోంచి జారిపోయాడు. నాన్న దిగబోతే నలుగురు పట్టుకుని ఆపారు. ఆపారు కాబట్టే ఇవాళ మా నాన్న ఉన్నాడు.

పంచనామాలో ఏం రాశారంటే, ప్రమాదవశాత్తూ కాలుజారి గుంతలో పడి మరణించాడని. సెప్టిక్ ట్యాంకు అన్న మాట లేదు. ఎవరు పిలిపించారో లేదు. పలుపుల సంగతి లేదు. నోటిమాటగా మాత్రం ఒక తీర్పు మిగిలింది: "వాళ్ల అన్నే తాడు సరిగా పట్టుకోలేదంట." ఓనరు అన్నాడు, టౌను అంది, చివరికి మా చుట్టాలూ అన్నారు. పిలిచినవాడు, పనిచెప్పినవాడు, తాడు ఇచ్చినవాడు, అందరూ తప్పుకున్నారు. తప్పు ఆ తాడు పట్టుకునే కిందికి జారి, ఇద్దరు అన్నదమ్ముల మధ్య ఆగింది.

బాబాయి కొడుక్కి అప్పుడు ఏడేళ్లు. ఇప్పుడు వాడు గల్ఫ్‌లో రోప్ యాక్సెస్ టెక్నీషియన్. పిన్ని చెవికమ్మలు తాకట్టు పెట్టి ఆ కోర్సు చేశాడు. మొన్న క్రిస్మస్‌కి వచ్చినప్పుడు ఒక సాయంత్రం వాడు, నేను, నాన్న కరకట్ట మీద కూర్చున్నాం. "నీ పనేంట్రా అసలు?" అని నాన్న అడిగాడు. వాడు చెప్పాడు. వాడు చెప్పింది మీరందరూ వినాలి.

పరంజా కట్టలేని చోట, క్రేను చేరని చోట, మనిషి తాళ్ల మీద వేలాడుతూ వెల్డింగో, పెయింటింగో, తనిఖీయో చెయ్యటమే రోప్ యాక్సెస్. గుహల్లోకి దిగేవాళ్ల పద్ధతులని సముద్రం మధ్య చమురు ప్లాట్‌ఫాంల మీదికి తీసుకెళ్లారు. 1980ల చివర్లో బ్రిటన్‌లో ఆ పని చేసే కంపెనీలు కలిసి ఐరాటా అనే సంఘం పెట్టుకున్నాయి. గల్ఫ్ రిఫైనరీ షట్‌డౌన్లలో ఆ కార్డు అడుగుతారు.

"మా పనిలో మొదటి పాఠం ఒకటే పెదనాన్నా," అన్నాడు వాడు. "ఒంటికి ఎప్పుడూ రెండు తాళ్లు. ఒకటి పనితాడు, ఒకటి కాపుతాడు. రెండూ వేరేవేరే చోట్ల కట్టాలి. ఒకటి పోయినా రెండోది పట్టుకోవాలి."

రెండో పాఠం మనుషుల గురించి. సైటులో ఒక్కడే ఎప్పుడూ పని చెయ్యకూడదు. కనీసం ఇద్దరుండాలి, అందులో ఒకరు లెవెల్ త్రీ. లెవెల్ వన్ అంటే కొత్తవాడు, తన హార్నెస్సు, తన సామాను తను చూసుకోగలిగినవాడు, పైవాడి పర్యవేక్షణలోనే తాడెక్కేవాడు. లెవెల్ టూ తాళ్లు బిగించగలడు, ఇరుక్కున్నవాణ్ణి దించగలడు. లెవెల్ త్రీ సైటుకి సేఫ్టీ సూపర్‌వైజర్. ఒక లెవెల్ నుంచి ఇంకో లెవెల్‌కి పోవాలంటే కనీసం ఏడాది గడవాలి, లాగ్‌బుక్‌లో 1000 గంటలు తాడు మీద పనిచేసినట్టు రాసి ఉండాలి. 3 ఏళ్లకోసారి మళ్లీ పరీక్ష.

మూడో పాఠం రెస్క్యూ. మనిషిని తాడెక్కించేముందే, వాడు స్పృహ తప్పితే ఎవరు, ఎలా, ఏ తాడుతో దించుతారో తేల్చుకోవాలి. హార్నెస్సులో కదలకుండా వేలాడే మనిషికి నిమిషాలే ఉంటాయి. ఫైరింజను వచ్చేదాకా ఆగటాన్ని వాళ్లు రెస్క్యూ అనరు. టీమే దించాలి. ఇంకోటి కూడా చెప్పాడు, నాకు బాగా గుర్తుండిపోయింది: ముడి నచ్చకపోతే, గాలి నచ్చకపోతే, అందరికంటే చిన్నవాడు కూడా పని ఆపమనొచ్చు.

నాన్న అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడే అన్నాడు. "నీ తప్పేం లేదు పెదనాన్నా. స్పృహలేని మనిషిని నడుము తాడుతో నిలువు గుంతలోంచి తియ్యటం ఎవడి వల్లా కాదు. మా లెవెల్ త్రీ వల్ల కూడా కాదు. అందుకే ఒళ్లంతా పట్టే హార్నెస్సు. అందుకే పైన ట్రైపాడ్, కప్పీ. నీకు అవి ఎవడిచ్చాడు?"

పాతికేళ్లు మా నాన్న మోసిన తీర్పుని కొట్టేసింది ఏ కోర్టూ కాదు. ఆ చచ్చిపోయినవాడి కొడుకు. తాడు పని నేర్చుకుని వచ్చి కొట్టేశాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. తాడు పనిలో భద్రత అంటే సామాను ఒక్కటే అనుకోకండి. పైకొస ఎవరి చేతిలో ఉందో పనికి ముందే కాగితం మీద రాసి ఉండటం, అసలు భద్రత అది. పైకెక్కే వాడి ప్రాణానికి విలువ కట్టిన చోట పైకొసకి ఒక పేరుంది, ఒక లెవెల్ ఉంది, ఒక సంతకం ఉంది. మన వాళ్లు కిందికి దిగే చోట పైకొసకి పేరు లేదు. ఉన్నదల్లా ఇంకో మన మనిషి. ఏదన్నా జరిగితే నిందకి అతనే దొరుకుతాడు.

"అదంతా విదేశాల్లో, మన దేశంలో చట్టాలెక్కడివి" అనేవాళ్లున్నారు. ఉన్నాయి. చేతితో పాకీపని నిషేధ చట్టం 2013లో వచ్చింది. అమల్లోకి వచ్చిన రోజు డిసెంబరు 6, బాబాసాహెబ్ పరినిర్వాణ దినం. దాని 7వ సెక్షన్ ప్రకారం ఏ కాంట్రాక్టరైనా, ఏ మున్సిపాలిటీ అయినా మనిషిని ప్రమాదకరంగా మురుగు కాలవలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించకూడదు. దించితే 9వ సెక్షన్ కింద మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అది బెయిలు దొరకని నేరం.

ఆ చట్టం కింద అదే డిసెంబరులో వచ్చిన నిబంధనలు ఇంకా చూడండి. తప్పనిసరి పరిస్థితిలో మనిషి దిగాల్సిందే అంటే, స్థానిక సంస్థ ముఖ్య అధికారి రాతపూర్వకంగా అనుమతివ్వాలి. నాలుగు వాయువులని కొలిచే గ్యాస్ మానిటర్, బాడీ హార్నెస్, ట్రైపాడ్, గాలి అందించే ఎయిర్‌లైన్ పరికరం, ఇలా పెద్ద జాబితా ఉంది. పనిచోట ఎప్పుడూ కనీసం ముగ్గురుండాలి, అందులో ఒకరు సూపర్‌వైజర్. కనీసం 10 లక్షల జీవిత బీమా, ప్రీమియం యజమానే కట్టాలి. తమ్ముడు చెప్పిన దానికీ దీనికీ ఏం తేడా ఉంది? కాగితం మీద ఏమీ లేదు. అక్కడ ఆ కాగితం లేకపోతే పని మొదలవదు. ఇక్కడ ఆ కాగితం లేకపోతేనే పని మొదలవుతుంది. ఎందుకంటే రాసిస్తే పైకొసకి పేరు వస్తుంది.

ఇది నా కోపం మాత్రమే అనుకుంటే లెక్కలు చూడండి. 2022, 2023 సంవత్సరాల్లో ఈ పనిలో జరిగిన మరణాల్లో 54 తీసుకుని కేంద్రం సోషల్ ఆడిట్ చేయించింది. 2025 జూలైలో పార్లమెంటులో పెట్టారు. ఆ 54 మందిలో 49 మంది ఒంటి మీద ఏ రక్షణ పరికరమూ లేదు. 38 మందిని ఎవరో వ్యక్తిగతంగా పిలిపించుకున్నారు, మా బాబాయిని పిలిపించినట్టే. ఇక దిగేవాళ్లు ఎవరంటారా? నమస్తే పథకం కింద 2024 నాటికి మురుగు, సెప్టిక్ ట్యాంకు పనివాళ్లు 38 వేల మంది వివరాలు తీశారు. 68.9 శాతం ఎస్సీలు. ఎస్టీ, ఓబీసీలని కలిపితే 91.9 శాతం. "ఇది లేబర్ ఇష్యూ, ఇందులో కులమెందుకు?" అని అడిగే కామ్రేడ్‌కి ఈ అంకె చూపించండి. వాదన అక్కర్లేదు.

రెస్క్యూ సంగతి కూడా చెప్పుకోవాలి. 2015 నవంబరు 26న కేరళలో కోజికోడ్‌లో ఆంధ్ర నుంచి పనికెళ్లిన ఇద్దరు కూలీలు మ్యాన్‌హోలులో పడిపోతే, దారినపోతున్న ఒక ఆటో డ్రైవరు వాళ్లని కాపాడబోయి దిగాడు. ముగ్గురూ చనిపోయారు. ఆ రోజు రాజ్యాంగ దినోత్సవం. 2018 ఫిబ్రవరిలో మన చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర ఒక కోళ్ల హేచరీ సెప్టిక్ ట్యాంకులో ఏడుగురు పోయారు. దిగినవాణ్ణి తియ్యటానికి ఇంకొకడు, వాణ్ణి తియ్యటానికి మరొకడు.

ఇది ధైర్యం లేక, తెలివి లేక జరగటంలేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్డు వాసన కొడుతుందని అందరికీ తెలుసు. గాలిలో అది 100 పీపీఎం దాటే సరికి ముక్కు ఆ వాసన పట్టటం మానేస్తుందని చాలామందికి తెలీదు. వాసన పోయింది కదా, గ్యాసు పోయిందనుకుని దిగుతారు. ఇంకా ఎక్కువుంటే ఒకటి రెండు శ్వాసల్లోనే పడిపోతారు. మీటరుకి తప్ప మనిషికి తెలిసే మార్గం లేదు. అందుకే పైన ట్రైపాడ్ ఉండాలి, దిగకుండానే లాగేయటానికి. రెస్క్యూ అనేది ఒకరి ఉద్యోగం అయిన చోట ఒక ప్రాణం ప్రమాదంలో పడితే ఒకటే పడుతుంది. రెస్క్యూ అన్నదమ్ముల ప్రేమకి వదిలేసిన చోట ఇంటిల్లిపాదీ పోతారు.

ఇప్పుడు మనలోనే ఉన్న రెండు వాదనలకి జవాబు చెప్పాలి.

ఒకటి: "సేఫ్టీ అంటూ మాట్లాడితే ఆ పనిని ఒప్పుకున్నట్టే. మనం అడగాల్సింది నిర్మూలన." ఈ మాట అనేవాళ్లంటే నాకు గౌరవం. బెజవాడ విల్సన్ లాంటివాళ్లు జీవితమంతా పెట్టి నిర్మూలన కోసం కొట్లాడబట్టే ఈ చట్టమైనా వచ్చింది. సెప్టిక్ ట్యాంకులోకి ఏ కులంవాడూ, ఏ హార్నెస్సుతోనూ దిగకూడదు, యంత్రం దిగాలి. అందులో నాకు రాజీ లేదు. కానీ నిర్మూలన అయ్యేలోపు, ఈ రాత్రి ఎవడో ఫోను చేసి మా పేట కుర్రాణ్ణి పిలుస్తాడు. వాడికి నా సిద్ధాంతం ముక్కుకి కట్టుకోవటానికి పనికిరాదు. అనుమతి కాగితం ఏదని వాడు అడగగలగాలి. ఆ కాగితం అడిగితే చాలాచోట్ల పని ఆగిపోతుంది, ఎందుకంటే సంతకం పెట్టేవాడుండడు. బాధ్యతని రాయించటం నిర్మూలనకి అడ్డం రాదు, దారి చేస్తుంది.

రెండు: "మనవాళ్లే బెల్టు పెట్టుకోరండీ. ఇచ్చినా పక్కన పడేస్తారు. తాగి దిగుతారు." ఈ మాట కాంట్రాక్టరు అంటే అర్థముంది. మన ఉద్యోగస్తులు, మన నాయకులు అంటుంటేనే బాధ. లెవెల్ త్రీ ఉన్న సైటులో బెల్టు పెట్టుకోనివాణ్ణి తాడెక్కనివ్వరు, అది వాడి ఇష్టానికి వదలరు. గంట పనికి కూలీ ఇచ్చి, పావుగంట ఆలస్యమైతే తిట్టేవాడు పైన నిలబడి ఉంటే ఎవడు మాత్రం బెల్టు బిగించుకుంటూ కూర్చుంటాడు? కంపు భరించలేక తాగినవాడి తాగుడు మీకు కనపడింది. తాగితే తప్ప చెయ్యలేని పని చెప్పినవాడు కనపడలేదా?

ప్రభుత్వాలకి కిట్లు పంచటం ఇష్టం. ఫొటో బాగా వస్తుంది. తెలంగాణలో 2024 జూలైలో గీత కార్మికులకి కాటమయ్య పేరుతో సేఫ్టీ కిట్లు మొదలుపెట్టారు. మంచిదే, మన దివిసీమ తాటితోపుల్లో మోకు మీద ప్రాణం పెట్టుకుని చెట్టెక్కే గౌడన్నలకీ అలాంటివి కావాలి. ఆయన మోకు ఆయనే చూసుకుంటాడు, ఆయనే బిగించుకుంటాడు. గుంతలోకి దిగేవాడి సంగతి వేరు. వాడి తాడు ఎప్పుడూ ఇంకొకరి చేతిలో ఉంటుంది. వాడికి కిట్టిచ్చి, పైనున్నవాడి పేరు రాయకపోతే, చచ్చాక "కిట్టు ఇచ్చాం, వాడుకోలేదు" అనటానికి పనికొస్తుంది, అంతే.

2014 మార్చి 27న సుప్రీంకోర్టు చెప్పింది, 1993 నుంచి మురుగు పనుల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబాన్ని గుర్తించి 10 లక్షలివ్వమని. 2023 అక్టోబరు 20న ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. మా పిన్ని ఆఫీసు చుట్టూ ఐదుసార్లు తిరిగింది. "ట్యాంకులో పోయాడని ఆధారమేది?" అన్నారు. ఆధారం పంచనామాలో ఉండాలి. అందులో గుంత అని ఉంది. ఆ ఒక్క మాట రాసినవాడికి ఏం చేస్తున్నాడో బాగా తెలుసు. 2025 జనవరిలో అదే కోర్టు హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషుల్ని దించటం ఆపమంది. బందరు, గుడివాడ, అవనిగడ్డ ఆ జాబితాలో లేవు. చట్టం ఇక్కడా ఉంది, కానీ మనం అడగకపోతే ఎవరికీ గుర్తుండదు.

చివరిగా బందరు పోర్టు సంగతి. 2023 మేలో శంకుస్థాపన చేశారు. పోర్టంటే క్రేన్లు, సైలోలు, ట్యాంకులు. ఎత్తు మీద చేసే పని బోలెడుంటుంది. ఆ తాళ్ల మీద కార్డుతో, జీతంతో, రెండు తాళ్లతో వేలాడేది ఎవరు? అదే ప్రహరీ లోపల డ్రైనేజీ నిండితే కార్డు లేకుండా, ఒక్క తాడుతో దిగేది ఎవరు? ఇప్పుడే అడగకపోతే రెండో ప్రశ్నకి జవాబు మా పేటలోంచి వస్తుంది, మొదటి ప్రశ్నకి ఎక్కడినుంచో వస్తుంది. మా తమ్ముడికి తల తిరిగే ఎత్తు మీద పని చెయ్యటం వచ్చు. వాడి తండ్రికి పాతిక అడుగుల గుంతకి కూడా లోకం ఒక ముడి సరిగా వెయ్యలేదు. తెలివి ఒకే ఇంటిది. తేడా అంతా పైకొసలో ఉంది.

కాబట్టి చదువుకుంటున్నవాళ్లు ఈ నెలలో చెయ్యాల్సిన పనులు మూడు.

మీ మున్సిపాలిటీకి, మీ పంచాయతీకి ఆర్టీఐ పెట్టండి. గడిచిన 5 ఏళ్లలో ట్యాంకుల్లోకి, మురుగు కాలవల్లోకి దిగటానికి ఇచ్చిన రాతపూర్వక అనుమతులు ఎన్ని, ఎవరు సంతకం పెట్టారు, సూపర్‌వైజర్ ఎవరు. ఏమీ లేవని జవాబొస్తే పారెయ్యకండి. అనుమతి లేకుండా దించారనటానికి అదే సాక్ష్యం.

ఎక్కడన్నా మరణం జరిగితే శవం దగ్గరే కాదు, స్టేషన్లో కూడా నిలబడండి. సెప్టిక్ ట్యాంకు అన్న మాట, పిలిపించినవాడి పేరు, 2013 చట్టం సెక్షన్లు ఎఫ్ఐఆర్‌లో పడేదాకా కదలకండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం దళితుడితో పాకీపని చేయించటం కూడా నేరం. ఆ సెక్షన్ కూడా అడగండి.

ఎస్సీ కార్పొరేషన్‌ని రోప్ యాక్సెస్ శిక్షణ అడుగుదాం. ఆ ఫీజు, పరీక్ష, కార్డు ఖర్చు ప్రభుత్వం కట్టాలి. మా పిన్ని చెవికమ్మలు ఇంకో తల్లి పెట్టక్కర్లేకుండా.

1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూసినాయన మన బాబాసాహెబ్. పనిచోట మనిషి ప్రాణం ఎవరి బాధ్యత అనేది మన ఉద్యమానికి పక్క విషయం ఎప్పుడూ కాదు.

నాన్న ఇది చదవలేడు. చదివి వినిపించాను. చివరికి ఒకటే అడిగాడు, ఆ లాడ్జి ఓనరు పేరు ఎందుకు రాయలేదురా అని. కాగితం లేదు కాబట్టి నాన్నా, అన్నాను. ఇకమీదట కాగితం ఉండాలనే ఇదంతా రాశాను.

వచ్చే ఆదివారం ఎఫ్ఐఆర్ కాపీ ఎలా తీసుకోవాలో, అందులో ఏ మాటలు చూసుకోవాలో రాస్తాను. జై భీమ్.